పిప్పి పన్ను లోపల జరుగునది

పంటి నొప్పికి ఏదో ఒక మందు తెలియని ఇల్లు మన వైపు లేదు. ఒకరు లవంగము చెప్పుదురు, ఒకరు ఇంగువ చెప్పుదురు, మరియొకరు ఉప్పునీళ్ళు పుక్కిలించుమందురు. మా ఆలూరు చుట్టుప్రక్కల పల్లెలలో జిల్లేడు పాలను దూదికి అద్ది పంటి గుంతలో పెట్టువారు నేటికిని కలరు. వీనిలో కొన్ని మంచివి, కొన్ని హానికరములు. నా యొద్దకు వచ్చువారిలో చాలమంది "ఏ మందు వేయవలెను?" అని అడుగుదురే కాని "నా పన్ను ఇప్పుడు ఏ దశలో ఉన్నది?" అని అడుగరు. రెండవ ప్రశ్నకు జవాబు తెలిసినగాని మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుటకు వీలు లేదు. అందువలన ఈ వ్యాసమున మందుల కంటె ముందు పంటి లోపలి సంగతి చెప్పెదను. కొంచెము ఓపికతో చదువవలెను.

పన్ను పైకి రాయివలె కనిపించును గాని లోపల సజీవమైనది. పైన ఉన్నది పింగాణి పొర. మన శరీరమంతటిలో దీనికంటె గట్టి పదార్థము లేదు. అయితే ఈ పొరలో జీవకణములు లేవు. ఒకసారి గుంత పడినచో తనంతట తాను పూడుకొనదు. దాని క్రింద దంతధాతువు, దీనిని వైద్యులు డెంటిను అందురు. ఇది గట్టిదే కాని నిండా సన్నని గొట్టములు కలది. మధ్యభాగమునకు దగ్గరగా చూచినచో ఒక చదరపు మిల్లీమీటరు స్థలములో 40,000కు పైగా గొట్టములుండును. మధ్యలో ఉన్న చిన్న గదిలో మెత్తని కండవంటి పదార్థము ఉన్నది. దానిని పల్పు అందురు. మనము దంతమజ్జ అందము. సప్తధాతువులలో చెప్పిన మజ్జ వేరు, ఇది వేరు; పేరు మాత్రమే కలిసినది. రక్తనాళములు, నరములు, రక్షక కణములు అన్నియు ఇందే ఉన్నవి. మనిషి నోటిలోని 32 పండ్ల మజ్జను కలిపి ఒక చోట పోసినను అర ఘన సెంటీమీటరు కాదు. రాత్రంతయు మనిషిని కూర్చుండబెట్టి ఏడిపించు నొప్పి పుట్టునది ఇంత చిన్న పదార్థములోనే.

మజ్జ అంచున, గది గోడకు ఆనుకొని, ఒక వరుసలో నిలిచియున్న కణములు ముఖ్యమైనవి. దంతధాతువును కట్టునవి ఇవే కనుక వీనిని దంతకార కణములనవచ్చును. ఒక్కొక్క కణము తన తోకవంటి కొనను డెంటిను గొట్టములోనికి చాపి ఉంచును. చల్లని నీరు త్రాగినప్పుడు ఆ గొట్టములలోని ద్రవము కదలును. ఆ కదలిక నరమునకు తగిలి పన్ను జివ్వుమనును. సుశ్రుతుడు దంతహర్షమని చెప్పిన వ్యాధిలో పండ్లు చలిని, వేడిని, తాకిడిని సహింపలేవు. ఆ పేరునకు ఇంతకంటె చక్కని వివరణము నాకు కనబడలేదు.

ఇక క్రిముల సంగతి. మన నోటిలో నిత్యము నివసించు సూక్ష్మజీవులలో కొన్ని మనము తిన్న చక్కెరను, బెల్లమును, పిండిపదార్థమును పులియబెట్టి ఆమ్లమును తయారు చేయును. వీనిలో పేరుమోసినది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. దీనిని 1924లో క్లార్క్ అను శాస్త్రజ్ఞుడు పుచ్చిన పండ్లనుండి వేరుచేసి వర్ణించెను. పంటిపై ఆమ్లత్వము పీహెచ్ 5.5 కంటె క్రిందికి దిగినప్పుడు పింగాణి పొరనుండి సున్నపు లవణములు కరిగి పోవును. లాలాజలము అరగంటనుండి గంటలోపల దానిని తిరిగి సరిచేయును. ఇక్కడనే గృహస్థులు ఒక విషయము గమనింపవలెను. ఎంత తీపి తిన్నామన్నది కాదు, ఎన్ని సార్లు తిన్నామన్నది ప్రధానము. పండుగనాడు భోజనముతో నాలుగు బొబ్బట్లు తిన్నవాని కంటె, దినమునకు ఎనిమిది సార్లు చక్కెర టీ త్రాగువాని పండ్లకే ఎక్కువ ముప్పు. లాలాజలము ఒక టీ సంగతి చక్కబెట్టులోపల రెండవ టీ వచ్చును. బెల్లపు పాకముతో చేసిన బొరుగుల ఉండలు, వేరుశనగ ఉండలు బలమైన ఆహారమే కాని, పాకము దవడ పండ్ల సందులలో అంటుకొని గంటల తరబడి ఉండును. తిన్న వెంటనే నీళ్ళు పోసుకొని గట్టిగా పుక్కిలించిన చాలును, చాల మేలు.

పూర్వము అన్ని దేశములవారును పంటిని పురుగు తినుచున్నదని నమ్మిరి. మన ఆయుర్వేదములో పిప్పి పన్నునకు కృమిదంతకమని పేరు. ఖురాసాని వాము, వాకుడు గింజలను నిప్పులపై వేసి పొగ పట్టించి "ఇదిగో పురుగు రాలినది" అని చూపువారు ఊరూర తిరిగెడివారు. ఐరోపాలోను ఖురాసాని వాము పొగతో ఇదే పని చేసిరి. అక్కడ రాలినది పురుగు కాదని, వేడికి గింజ పగిలి బయటపడిన మొలక తునకయని తరువాత తేలినది. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ పండ్లలో పురుగులు తనకు కనబడలేదని వ్రాసెను. 1890లో మిల్లర్ అను వైద్యుడు నోటిలోని సూక్ష్మజీవులు పుట్టించు ఆమ్లమే పంటిని కరిగించునని వివరముగా గ్రంథము వ్రాసెను. కంటికి కనబడు పురుగు లేదు. కంటికి కనబడని క్రిమి ఉన్నది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. పింగాణి పొర కరిగి గుంత డెంటినులో ప్రవేశించిన నాడే మజ్జకు వార్త చేరును. క్రిములు ఇంకను దూరముననే ఉండును. అయినను అవి విసర్జించు విషపదార్థములు, వాని దేహపు తునకలు సన్నని గొట్టములగుండా లోపలికి దిగును. ముందుగా పసిగట్టునది దంతకార కణమే. దాని పొరపై టోల్ గ్రాహకములను పరికరములు కలవు. ఇవి క్రిమి దేహపు తునకను గుర్తుపట్టును. ఈ గ్రాహకముల మార్గమున శరీరము తన సహజరక్షణను ఎట్లు మేల్కొలుపునో కనుగొన్నందుకు బాయిట్లర్, హాఫ్‌మన్ అను ఇద్దరికి 2011లో నోబెల్ బహుమతిలో భాగము లభించినది. గుర్తుపట్టిన వెంటనే దంతకార కణము మూడు పనులు చేయును. క్రిములను చంపు చిన్న మాంసకృత్తులను స్రవించును. రక్తములోని తెల్లకణములను రమ్మని రసాయనిక సంకేతములు పంపును. గొట్టములలో ఖనిజమును పూడ్చుచు, తన వైపు గోడకు కొత్త డెంటినును మెత్తును. దొంగలు వచ్చుచున్నారని తెలిసిన ఇంటివారు కేక వేయుచు, కర్ర తీసికొనుచు, తలుపునకు అడ్డగడియ వేయుటవంటిది ఇది.

ఇంకొక విశేషము. పంటిని కట్టునప్పుడు పెరుగుదలను ప్రేరేపించు పదార్థములు డెంటినులో ఇమిడి నిద్రాణముగా ఉండును. క్రిముల ఆమ్లము డెంటినును కరిగించినప్పుడు అవి విడుదలయి మజ్జను చేరి, గోడను బాగుచేయుమని కణములను తొందరపెట్టును. అనగా పడగొట్టువాని చేతనే ఇటుకలు సరఫరా అగుచున్నవన్న మాట. ఒకవేళ దంతకార కణములే చనిపోయినను మజ్జ చేతులెత్తదు. మజ్జలో మూలకణములున్నవని 2000 సంవత్సరములో అమెరికాలో గ్రాంథోస్, షీ ప్రభృతులు ప్రకటించిరి. ఈ మూలకణములు గాయపు చోటికి చేరి, కొత్త దంతకార కణములవంటివిగా మారి, గోడ కట్టగలవు. కాని ఈ నిర్మాణము మెల్లనిది. దినమునకు మిల్లీమీటరులో వెయ్యవ వంతులు కొన్ని మాత్రమే. గుంత తొందరగా దిగినచో గోడ దానిని అందుకొనలేదు.

వాపు అనగానే మనము శత్రువనుకొందుము. మజ్జ విషయములో అది పూర్తి సత్యము కాదు. కొద్దిపాటి వాపు, కొద్ది కాలము, మేలు చేయును. మూలకణములను మేల్కొలుపునది ఆ సంకేతములే. అదే వాపు తీవ్రమై నిలిచిపోయినచో అవే సంకేతములు మూలకణముల పనిని ఆపివేయును. తెల్లకణములు క్రిములపై చిమ్మిన పదార్థములు సొంత కండనే కరిగించును. పాత్ర మారలేదు, మాత్ర మారినది.

దీనికి ఒక ప్రసిద్ధమైన పరీక్ష కలదు. 1965లో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అను ముగ్గురు రెండు రకముల ఎలుకలను తీసికొని వాని దవడ పండ్లకు మజ్జ బయటపడునంతగా రంధ్రము చేసి అట్లే వదలిరి. ఒక రకము మామూలు ఎలుకలు. రెండవ రకము పుట్టినది మొదలు ఒక్క క్రిమి కూడ సోకకుండ పెంచినవి. మామూలు ఎలుకల మజ్జ కుళ్ళి చీము పట్టినది. క్రిములు లేని ఎలుకలలో పంటి గుంతలో ఆహారము ఇరుకుకొన్నను మజ్జ బ్రతికి, రంధ్రమునకు అడ్డముగా కొత్త డెంటిను వంతెన కట్టుకొనినది. నా దృష్టిలో పంటి వైద్యమంతయు ఈ ఒక్క పరీక్షలో ఉన్నది. మజ్జకు తన్ను తాను మాన్పుకొను శక్తి ఉన్నది. క్రిములను అడ్డగించి దానికి వ్యవధి ఇచ్చుటయే వైద్యుని పని.

ఆ వ్యవధి ఎందుకు తక్కువ? వ్రేలికి దెబ్బ తగిలిన వ్రేలు ఉబ్బును. మజ్జకు ఉబ్బుటకు చోటు లేదు. నాలుగు వైపుల రాతిగోడలు; వేరు కొనయందు అర మిల్లీమీటరు అటు ఇటు ఉన్న చిన్న రంధ్రము. రక్తము ఎక్కువగా వచ్చినకొలది లోపల ఒత్తిడి పెరిగి నరములను నొక్కును, సన్నని సిరలు అణగిపోవును. పడుకొన్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగును గనుక పంటి పోటు రాత్రిపూట హెచ్చును. దిండు ఎత్తుగా పెట్టుకొన్న కొంత ఉపశమనము కలుగును. మజ్జలోని నరములకు స్థలము చెప్పు నేర్పు తక్కువ. క్రింది దవడ పన్ను చెడినను చెవి పోటని, పై పన్ను నొప్పియని భ్రమ కలుగును. చెవిలో వెల్లుల్లి నూనె పోసికొని పది దినములు గడిపి, తరువాత పన్ను సంగతి తెలిసికొన్నవారిని నేను పలువురిని చూచితిని.

ఇంటిలో కూర్చుండి దశను గుర్తించుటకు మార్గము కలదు. చల్లనిది, తీపి తగిలినప్పుడు జివ్వుమని, తీసివేసిన కొన్ని క్షణములలో తగ్గిపోయినచో మజ్జ ఇంకను కోలుకొనగల దశలో ఉన్నది. అట్టి పంటికి గుంత శుభ్రము చేయించి పూడిపించిన చాలును. వేడి టీ తగిలి పుట్టిన పోటు నిమిషముల తరబడి నిలిచినను, ఏమియు తగులకయే నొప్పి వచ్చినను, నిద్రనుండి లేపినను వాపు ముదిరినదని తెలిసికొనవలెను. సుశ్రుతుడు నిదానస్థానమున కృమిదంతకమును వర్ణించుచు నలుపు, రంధ్రము, కదలిక, స్రావము, వాపు, మహావేదన చెప్పి, కారణము లేకయే పుట్టు నొప్పిని ప్రత్యేకముగా పేర్కొనెను. నేటి దంతవైద్యుడు మజ్జ దశను నిర్ణయించుటకు మొదట అడుగు ప్రశ్న అదియే.

ఇక అన్నింటికంటె మోసకరమైన దశ నొప్పి పోవుట. మజ్జ పూర్తిగా చనిపోయిన పిదప నరము కూడ చచ్చును. నొప్పి ఒక్కసారిగా ఆగును. ఆ ముందు రోజు ఏ మందు వేసియుండినచో దానికి కీర్తి దక్కును. పత్తి వ్యాపారము చేయు ఒక గృహస్థు మూడు రాత్రులు నిద్ర లేక, నాలుగవ నాడు ఎవరో చెప్పిన ఆకు పసరు పెట్టుకొనెను, నొప్పి మాయమాయెను. ఆ పసరు పేరు నాకు చెప్పి పత్రికకు వ్రాయుమనెను. పంటిని మెల్లగా తట్టి చూచితిని, చల్లని నీటికి పన్ను పలుకలేదు. దంతవైద్యుని కడకు పొమ్మంటిని, పోలేదు. ఐదు మాసముల తరువాత దవడ ఉబ్బి, కన్ను మూసుకొనిపోయి, జ్వరముతో వచ్చెను. చచ్చిన మజ్జ క్రిములకు ఆశ్రయమైనది. అక్కడికి రక్తము పోదు, తెల్లకణములు పోలేవు. క్రిములు వేరు కొననుండి దవడ ఎముకలోనికి దిగి చీముగడ్డ కట్టినవి.

రక్తము పోని చోటికి మందు కూడ పోదు. మందుల దుకాణములో నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు కొని మ్రింగి పంటి నొప్పిని గెలువజూచువారు ఇది తెలిసికొనవలెను. చుట్టుప్రక్కలకు ప్రాకిన వాపునకు, జ్వరమునకు అవి అవసరమే. వైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. కాని పంటి లోపలి కుళ్ళు వానివలన పోదు. అమెరికాలో మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థనుండి 1948లో ఆరియోమైసిను వెలువడి ఎన్ని ప్రాణములనో కాపాడినది. ఆ టెట్రాసైక్లిన్ జాతి మందులను ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇచ్చినచో బిడ్డల పండ్లు పసుపు, గోధుమ రంగునకు తిరుగవచ్చును. గొప్ప మందునకును దాని చోటు, దాని కాలము ఉన్నవి.

లవంగమునకు వత్తము. లవంగ నూనెలో ప్రధానమైనది యూజినాల్. అది నరమును కొంతసేపు మొద్దుబరచును, వాపును కలిగించు పదార్థముల ఉత్పత్తిని తగ్గించును, క్రిములను కొంత అణచును. దంతవైద్యులు జింకు భస్మమువంటి జింకు ఆక్సైడుతో దానిని కలిపి తాత్కాలికముగా గుంత పూడ్చుటకు చిరకాలముగా వాడుచున్నారు. కాబట్టి పెద్దలు చెప్పిన లవంగము ఒట్టిది కాదు. కాని చిక్కని నూనె నేరుగా బయటపడిన మజ్జకు తగిలినచో మజ్జ కణములనే చంపును. చిగురును, బుగ్గను కాల్చును. చిన్న దూది ఉండపై ఒక్క చుక్క వేసి, పిండి, గుంతలో తేలికగా ఉంచవలెను. వైద్యుని చూచువరకు ఒకటి రెండు రోజుల ఉపశమనమునకే ఇది. పసిపిల్లలకు అందకుండ సీసా పైన పెట్టవలెను. మ్రింగినచో కాలేయమునకు ప్రమాదము.

జిల్లేడు పాల విషయములో శాస్త్రమును అడ్డము పెట్టుకొని వాదించువారున్నారు. వాగ్భటుడు అష్టాంగహృదయమున కృమిదంతకమునకు గుంతను బెల్లముతో గాని మైనముతో గాని నింపి కాల్చుటను, ఏడాకుల అరటి, జిల్లేడు పాలతో పూరించుటను చెప్పిన మాట నిజమే. అది శస్త్రకర్మ నేర్చిన వైద్యుడు, వేరు దారి లేని కాలమున, నరమును చంపి నొప్పి తీర్చుటకు చేసిన పని. ఇంటిలో అద్దము ముందు నిలిచి చేయదగినది కాదు. ఆ పాలు నోటిని పుండు చేయును, కంటిలో పడిన చూపునకే ముప్పు. జీడిగింజ రసము, కిరోసిను, నొప్పి మాత్రను నూరి చిగురుపై పెట్టుట, ఇవి కూడ మానవలెను. తాంబూలపు సున్నము గురించియు అడుగుదురు. 1920లో హెర్మన్ అను జర్మను వైద్యుడు కాల్షియం హైడ్రాక్సైడును, అనగా తడి సున్నమునే, పంటి వైద్యములో ప్రవేశపెట్టెను. మజ్జపై పలుచగా వేసినచో క్రింద కొత్త గోడ కట్టుకొనునని తేలినది. అది శుద్ధి చేసి, క్రిములు లేకుండ గుంతను సిద్ధపరచి, పైన గట్టిగా మూసివేసినప్పటి మాట. ఆకు వక్కల సంచిలోని సున్నము గుంతలో కుక్కిన నోరు పొక్కును.

మా సీమలో ఇంకొక చిక్కు కలదు. కొన్ని ఊళ్ళ బోరు నీటిలో ఫ్లోరైడు హెచ్చు. మన దేశములో ఈ వ్యాధి నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలలో బయటపడి 1937లో ప్రకటింపబడినది. మితమైన ఫ్లోరైడు పింగాణిని గట్టిపరచును, లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు చిన్నతనమున త్రాగినచో పండ్లపై సున్నపు మచ్చలు, గోధుమ చారలు, గుంతలు పడును. ఆ చారలను పిప్పియని భ్రమించి ఇటుకపొడితో రుద్దువారు ఉన్న పింగాణిని కూడ పోగొట్టుకొందురు.

దెబ్బ తగిలిన పంటి మాట కూడ చెప్పవలెను. మాకు సమీపమున హొళగుంద మండలము దేవరగట్టులో విజయదశమి రాత్రి జరుగు కర్రల ఉత్సవము తెలియనివారుండరు. తల పగిలినవారు కట్టు కట్టించుకొందురు. మూతికి దెబ్బ తగిలిన పన్ను కదలక నిలిచినచో ఎవరును పట్టించుకొనరు. ఆటలలో పడిన పిల్లల సంగతియు ఇంతే. వేరు కొన వద్ద రక్తనాళము తెగినచో పుప్పి లేకయే మజ్జ చచ్చును. మాసములు గడచిన తరువాత పన్ను బూడిద రంగునకు తిరుగును. శాశ్వత దంతము పూర్తిగా ఊడి పడినచో వేరును రుద్దక, పై భాగమును పట్టుకొని, పాలలో వేసి, అరగంట గంటలోపల దంతవైద్యుని చేరినచో తిరిగి నిలుపు అవకాశమున్నది.

నిత్యము చేయవలసిన వానిలో సుశ్రుతుడు చెప్పిన దంతధావనము మొదటిది: పండ్రెండు అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు గల పుల్ల; చేదులో వేప, వగరులో చండ్ర, కారములో కానుగ, తీపిలో ఇప్ప. చిగుళ్ళకు గాయము కారాదని కూడ ఆయనయే చెప్పెను. మనవారు పుల్లను గుర్తుంచుకొని ఈ మాట మరచిరి. వేప, కానుగ మన వీధిలోనే దొరకును. పుల్ల దవడ పండ్ల వెనుకకు చేరదు కనుక రాత్రి పడుకొనబోవు ముందు కుంచెతో, ఫ్లోరైడు గల పేస్టుతో తోముట మంచిది. ఆరేండ్ల లోపు పిల్లలకు బఠాణి గింజంత, మూడేండ్ల లోపువారికి బియ్యపు గింజంత చాలును. త్రిఫల కషాయము, గోరువెచ్చని ఉప్పునీరు చిగుళ్ళ వాపునకు చక్కగా పనిచేయును. నువ్వుల నూనె పుక్కిలించుట నోటికి హితము. అయితే డెంటినులో పడిన గుంతను ఏ కషాయమును, ఏ నూనెయు పూడ్చలేదు.

పోటు మొదలైనవారు పన్ను పీకించుకొనుటయే గతి అనుకొనరాదు. మజ్జ కొంత బ్రతికియున్నచో చెడిన భాగము మాత్రము తీసి మిగిలినదానిపై నేటి సున్నపు జాతి సిమెంటు వేసి కాపాడు పద్ధతులు వచ్చినవి. పూర్తిగా చచ్చినచో రూట్ కెనాల్ చికిత్స కలదు. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నది. కర్నూలు సర్వజన వైద్యశాలలో దంతవిభాగము ఉన్నది. మధుమేహము గలవారు పంటి వాపును ఒక్కరోజు కూడ ఉపేక్షింపరాదు. దవడ క్రింద, మెడవైపు వాపు గట్టిపడుట, నోరు తెరువలేకుండుట, నాలుక పైకి లేచుట, మ్రింగుటకు గాని ఊపిరి తీయుటకు గాని కష్టమగుట, వీనిలో ఏ ఒక్కటి కనిపించినను కాపడములు, పట్లు వేయుచు తెల్లవారువరకు ఆగక, ఆ రాత్రియే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను.